జమాలున్నీసా కొడుకు నడిపిన ఫిరంగి

కోటవీధికి వచ్చి జమాలున్నీసా గారిల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. జాకెట్ల బూబమ్మ అంటే మాత్రం చేస్తున్న పని వదిలేసి సందు మొగదాకా వచ్చి చూపిస్తారు. మా అమ్మ పెళ్ళి జాకెట్టు ఆవిడే కుట్టింది. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ జాకెట్టూ ఆవిడే కుట్టింది. టేపు ముట్టుకోకుండా, మనిషిని ఒకసారి అటు తిరగమని, ఇటు తిరగమని చూసి కత్తెర వేసేది. ఒక్కటీ బిగుతు కాలేదు.

ఆవిడ భర్త హార్బరులో ఖలాసీ. చిన్నకొడుకు ఇంకా బడికి పోకముందే ఆయన పోయాడు. అప్పటినుంచీ ఆ ఇల్లు కుట్టుమిషను మీదే నడిచింది. పోర్టు గాలి మా వైపు తిరిగితే ఖనిజం దుమ్ము ఎర్రగా కిటికీల్లోంచి కొట్టుకొస్తుంది. తెల్లగుడ్డ కుట్టాల్సిన రోజున ఆవిడ తలుపులన్నీ బిగించుకుని, ఫ్యాను కూడా ఆపేసి, చెమటలు కారుతుండగా కూర్చునేది.

పెద్దవాడు రహమాన్ బోర్డులు రాసే పని నేర్చుకున్నాడు. ఫ్లెక్సీలు వచ్చేదాకా విశాఖపట్నం వన్‌టౌన్ దుకాణాల మీద సగం అక్షరాలు అతనివే. చిన్నవాడు హసన్‌కి చదువు పట్టలేదు, ఇంజన్లు పట్టాయి. హార్బరు గేటు దగ్గర ఆగిన లారీల కిందే పెరిగాడనాలి. స్నేహితులు మిలిటరీ ర్యాలీకి వెళ్తుంటే సరదాకి వెంట వెళ్ళి, వాళ్ళెవరూ కాకుండా వీడొక్కడే సెలెక్టయి వచ్చాడు. జమాలున్నీసా రెండు పూటలు అన్నం తినలేదు. మూడో పూట లేచి, వాడి ట్రంకుపెట్టెకి గుడ్డ కవరు కుట్టింది.

శిక్షణ అయ్యాక వాడిని ఆర్టిలరీలో డ్రైవరుగా వేశారు. మొదటిసారి ఫోన్ చేసి చెప్పినప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటే.

"ఏ బండి తోల్తన్నావురా?"

"ఫిరంగి బండి, అమ్మీ."

"అంటే ట్యాంకే కదేటి?"

"కాదమ్మీ! అందరూ ఇలగే అంటారు. ట్యాంకు వేరు, మాది వేరు."

ఆ తేడా చెప్పడానికి హసన్ పడిన పాట్లు వీధిలో అందరికీ తెలుసు. ఫోను స్పీకర్లో పెట్టి మిషను మీద ఆనించి, ఆవిడ కుట్టుకుంటూ వినేది. బట్టలివ్వడానికి వెళ్ళిన మేమూ వినేవాళ్ళం.

"మన సందులో ఇడ్లీల తోపుడుబండి ఉంది కదమ్మీ? ఎవుడో ఒకడు తోస్తే గాని కదల్దు. అలగే కొన్ని ఫిరంగులుంటాయి, లారీకి కట్టి లాక్కెల్లాల. ఆ ఇడ్లీపొయ్యి తీసుకెల్లి ఆటో మీద బిగించేసినారనుకో, దానంతట అదే ఎల్తాది, ఆగిన సోటే వండుతాది. మాది అలగన్నమాట. అదే జవాన్లని కడుపులో కూసోబెట్టుకుని ఎల్లేది ఇంకోటుంటాది, అది మన సిటీబస్సు."

"మరి ట్యాంకు?"

"ట్యాంకు రౌడీ అమ్మీ. ఎదురుగా ఎల్లిపోయి, సూసి కొడతాది. మాది కొండ ఎనకాల నిలబడి కొడతాది. ఏం కొట్టినామో మాకే కనపడదు."

"అంటే మీరు ఎనకాల ఉంటారా?"

"శానా ఎనకాల."

ఈ మొత్తంలో ఆవిడ మనసులో నిలిచింది ఆ చివరి మాట. మర్నాడు నాకు జాకెట్టు హుక్కులు చూపిస్తూ, "మావోడు ముందుండడమ్మా, ఎనకాలుంటాడు. ముందుండేది ట్యాంకులంట" అని గొంతు తగ్గించి చెప్పింది. ఆ మాట గట్టిగా అంటే ఎవరైనా విని వాడిని ముందుకు పంపించేస్తారేమోనన్న భయం ఆ గొంతులో ఉంది.

అయినా ఫోనులో మాత్రం వాడిని ఏడిపించేది. "ఎలగుందిరా నీ ట్యాంకు?" అనేది. "అమ్మీ!" అని వాడు అవతల గోల పెట్టేవాడు. ఈవిడ నవ్వేది. వాడికి ట్యాంకుల పేర్లూ, ఫిరంగుల పేర్లూ వరసగా ఒప్పజెప్పడమంటే ఇష్టం. విజయంత, అజేయ, భీష్మ ట్యాంకులు. సారథ్ జవాన్ల బండి. తను నడిపే దాని పేరు కేటపుల్ట్. ఆ పేరు ఆవిడకి నోరు తిరగలేదు. "కేటా... ఏదో ఒకటిలే, నీ ట్యాంకు" అనేది మళ్ళీ.

ఫొటో పంపించరా, ఎలా ఉంటుందో చూస్తానని ఎన్నోసార్లు అడిగింది. మా బళ్ళ ఫొటోలు పంపకూడదని వాడు ఒక్కసారి కూడా పంపలేదు. సెలవులో వచ్చినప్పుడు గాలిలో చేతులు చాపి, "ఇంత పొడుగు గొట్టం, ఇలగ గొలుసు సక్రాలు, పచ్చ రంగు" అని చూపించేవాడు. ఆవిడకి తెలిసిన ఫిరంగి అంతే.

కరోనాకి ముందటి చలికాలం, ఒక ఉదయం రహమాన్ దుకాణానికి ఫోనొచ్చింది. రాజస్థాన్‌లో యుద్ధవిన్యాసాలు జరుగుతుండగా బండి ప్రమాదం. యుద్ధం లేదు, శత్రువు లేడు, ఎవరూ ఎవరినీ కొట్టలేదు. హసన్ లేడు.

శవపెట్టె వచ్చిన రోజున కోటవీధి అంతా రోడ్డు మీదే ఉంది. ఎవరో అభిమానంతోనే ఫ్లెక్సీ కట్టించారు. ట్యాంకు ప్రమాదంలో వీరమరణం అని ఎర్రక్షరాలు. పక్కన ఏ దేశపుదో, మంచులో నిలబడ్డ ట్యాంకు బొమ్మ. జమాలున్నీసా ఆ రోజు దాన్ని చూసే స్థితిలో లేదు. వారం తర్వాత వాకిట్లోకి వచ్చి, తలెత్తి చూసింది.

"రహమాన్, ఆ గుడ్డ దింపు."

"ఉండనియ్ అమ్మీ, వోళ్ళు ప్రేమతో కట్టినారు."

"ఆడిది ట్యాంకు కాదురా" అంది. "ఆడెన్నిసార్లు సెప్పినాడు. నాను ఒక్కసారైనా సరిగ్గా అన్నానేటి?"

అప్పటిదాకా ఏడవని మనిషి అక్కడ, గడప మీద కూర్చుని ఏడ్చింది. రహమాన్ నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ దింపాడు. ఆ రోజు నుంచి ఆవిడ నోట ట్యాంకు అనే మాట రాలేదు. మిషను తొక్కుతూ తనలో తను "కే-ట-పు-ల్ట్" అని విడివిడిగా అనుకోవడం నేను విన్నాను. నోరు తిరిగేదాకా అనుకుంది.

ఏడాదిన్నర తర్వాత ఆవిడ కోడలు, రహమాన్ భార్య నర్గీస్ ఒకసారి బలవంతం చేసి భీమిలి బస్సెక్కించింది. గాలి మారితే మనసు కాస్త తేలికపడుతుందని. రుషికొండ ఇంకా రాకముందు రోడ్డు పక్కన ఒక చిన్న పార్కుంది. అందులో సిమెంటు దిమ్మ మీద పాత మిలిటరీ బండి ఒకటి నిలబెట్టారు. బస్సు కిటికీలోంచి అది కనిపించగానే ఆవిడ లేచి నిలబడింది. పొడుగు గొట్టం, గొలుసు చక్రాలు, పచ్చ రంగు.

దిగి దగ్గరికి వెళ్ళారు. ముందున్న బోర్డు మీద ట్యాంకు అని రాసి ఉంది. ఆ కింది అక్షరాలు ఉప్పుగాలికి రాలిపోయాయి.

"సూసినావా నర్గీస్? ఇక్కడా ట్యాంకనే రాసినారు. ఆడు సెప్పలేదేటి, అందరూ ఇలగే అంటారని."

వాడు గాలిలో గీసి చూపించిన బొమ్మ, కళ్ళెదుట ఇనుమై నిలబడితే ఆ తల్లికి ఇంకో ఆలోచన రాలేదు. ఇదే అనుకుంది. పేరు తప్పు రాశారు, అంతే.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం మధ్యాహ్నం దాటాక ఆవిడ మిషను మూసేసి బస్సెక్కేది. ఒకసారి నన్నూ తీసుకెళ్ళింది. పార్కు కాపలాదారు అప్పలసూరి అప్పటికే ఆవిడకి అలవాటయ్యాడు. కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు. చున్నీ కొంగుతో ఆ ఇనుము మీద ఉప్పు తుడిచి, ముందు భాగం మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. ఎండకి అది కాలుతోంది. చెయ్యి తియ్యలేదు. నేను సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను.

బోర్డు మార్పించమని రహమాన్‌ని పోరు పెట్టడం అప్పుడే మొదలైంది. అతను సరే సరే అంటూ రోజులు గడిపాడు. ఇంతలో అనుకోకుండా ఆ పార్కు బోర్డులన్నీ కొత్తగా రాసే పని ఒక కాంట్రాక్టరు ద్వారా రహమాన్‌కే వచ్చింది. ఆవిడ ఇంట్లో సేమియా వండింది ఆ రోజు. కొడుకు చనిపోయాక ఆ ఇంట్లో తీపి వండడం అదే మొదలు.

రహమాన్ రాశాడు. తెల్ల పలక మీద నల్లటి గుండ్రని అక్షరాలు. "స్వయంచాలిత ఫిరంగి - కేటపుల్ట్. దీనంతట ఇదే కదిలే ఫిరంగి. ఇది ట్యాంకు కాదు." చివరి వాక్యం జమాలున్నీసా పట్టుబట్టి రాయించింది. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు అదివరకులాగే దాని మీదికెక్కి ఫొటోలు దిగారు.

ఆ బోర్డు చదివి ఆగిన మనిషి ఒక్కడే. పేరు సాయిశంకర్. పద్మనాభం దగ్గర వరి పండించే కుటుంబం. మిలిటరీలోంచి బయటికొచ్చి, మధురవాడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేస్తున్నాడు. ఒక సాయంత్రం బైకు మీద వెళ్తూ ఆ అక్షరాలు చూసి, బ్రేకు వేసి, వెనక్కి తిప్పుకుని వచ్చాడు. బోర్డు చూశాడు, బండి చూశాడు, మళ్ళీ బోర్డు చూశాడు.

"ఈ బోర్డు ఎవరు రాసినారు, తాతా?" అని అప్పలసూరిని అడిగాడు.

"వన్‌టౌన్ రహమాను. ఆళ్ళ తమ్ముడు మిలిటరీలో పోనాడంట. హసనో ఏటో పేరు. ఆళ్ళమ్మ వారం వారం వొచ్చి ఈ బండినట్టుకుని నిలబడతాది, పాపం."

సాయిశంకర్ బైకు మీద కూర్చుని చాలాసేపు కదల్లేదని అప్పలసూరి తర్వాత చెప్పాడు. హసన్ నడిపిన ఫిరంగి మీద పనిచేసిన వాళ్ళలో అతనొకడు. ప్రమాదం జరిగినప్పుడు పక్కనే ఉన్నవాడు. హసన్‌ది విశాఖపట్నమేనని తెలుసు. వెళ్ళాలి, వెళ్ళాలి అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి. ఏ ముఖం పెట్టుకుని ఆ తల్లి ముందు కూర్చోవాలో తెలియలేదు.

ముందు రహమాన్ దుకాణానికి వచ్చాడు. ఇప్పుడు అక్కడ నంబరు ప్లేట్లూ స్టిక్కర్లూ తప్ప బోర్డులు లేవు. తనెవరో చెప్పాడు. రహమాన్ స్టూలు లాగి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత సాయిశంకర్ మెల్లగా అన్నాడు.

"బావా, ఆ పార్కులో ఉన్నది..."

"తెలుసు బావ" అన్నాడు రహమాన్. "రాసే ముందు ఫోనులో సూసినాను. మా తమ్ముడి ఫిరంగి ఎలగుంటాదో నెట్టులో బొమ్మ ఉంది. ఇది కాదు. ఇది ట్యాంకే."

"మరి?"

"మా అమ్మీకి సెప్పలేకపోనాను. దాన్ని ముట్టుకునొచ్చిన రోజున అన్నం తింటాది బావ. నువ్వూ సెప్పొద్దు. నీకు దండం పెడతాను."

సాయిశంకర్ తలూపాడు.

రహమాన్ అతన్ని ఇంటికి తీసుకెళ్ళాడు. హసన్‌తో పనిచేసినవాడని తెలియగానే జమాలున్నీసా మిషను మీదనుంచి లేచి, అతని మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. కన్నీళ్ళు పెట్టుకోలేదు. టీ ఇచ్చింది. హసన్ అక్కడ ఏం తినేవాడు, ఎవరితో తిరిగేవాడు, రాత్రి దుప్పటి కప్పుకునేవాడా అని అడిగింది. అన్నీ అయ్యాక, "నాతో ఒకసారి పార్కుకి రా నాయినా. ఆడు ఎక్కడ కూసునేవోడో సూపించు. ఇన్నాళ్ళనుంచి ఎక్కడ సెయ్యి పెట్టాలో తెలీక ఎక్కడో పెడతన్నాను" అంది.

ఆ శుక్రవారం ముగ్గురూ ఆటోలో వెళ్ళారు. నేను లేను. రహమాన్ చెప్పిందీ, సాయిశంకర్ చెప్పిందీ కలిపి చెబుతున్నాను.

సాయిశంకర్ ఆవిడని బండి ముందుకు తీసుకెళ్ళాడు. ముందువైపు ఒక చిన్న ఇనపమూత ఉంది, డ్రైవరు దిగే చోటు.

"ఇలాటి మూత కిందే అమ్మా. తల ఒక్కటే పైకి కనపడీది."

అందులో అబద్ధం లేదు. ఆవిడ మడమలు పైకెత్తి, ఆ మూత మీద చెయ్యి పెట్టింది. పెదవులు కదిలాయి. రహమాన్ పక్కకి తిరిగి ఊపిరి పీల్చుకున్నాడు, గండం గడిచిందని. అంతలో ఆవిడ వెనక్కి తిరిగి మామూలుగానే అడిగింది.

"మరి నువ్వెక్కడుండేవోడివి?"

సాయిశంకర్ బండి వైపు చూశాడు. మూత వెనకాల, మధ్యలో, గుండ్రంగా మూసి ఉన్న ట్యాంకు తల. చుట్టూ తిరిగి వెనకవైపు వచ్చాడు. మళ్ళీ ముందుకొచ్చాడు. చెయ్యెత్తి ఏదో చూపించబోయి దించేశాడు. రహమాన్ కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"ఇందులో నా సోటు లేదమ్మా" అన్నాడు చివరికి.

"లేకపోడమేటి?"

"మా ఫిరంగికి ఈ గుండ్రటి తల ఉండదు. ఈ తలుంటే అది ట్యాంకు. తలతో పాటు గొట్టం సుట్టూ తిరిగేస్తాది. మాది అలగ తిరగదు. మధ్యలో తెరిసిన సోటుంటాది. మేమక్కడ నిలబడి గుండు పెట్టీవోళ్ళం. పైన రేకుంటాది, పక్కల గోడలుండవు." బండి వైపు చెయ్యి చూపించాడు. "ఇది విజయంత అమ్మా. ట్యాంకే."

ఆవిడ మూత మీంచి చెయ్యి తీసి చూసుకుంది. అరచేతికి తుప్పు అంటుకుని ఉంది.

సాయిశంకర్ కంగారుగా, "కిందంతా ఒకటేనమ్మా" అన్నాడు. "ఫ్యాక్టరీలో ఈ విజయంత కిందిబండినే తీసుకుని, కొంచెం పొడుగు సేసి, తల తీసేసి, మా తోప్‌ని, అంటే ఫిరంగిని, కూసోబెట్టినారు. ఈ గొలుసూ, ఈ సక్రాలూ హసన్ తోలినవే అనుకోండి. పైనొక్కటే మారింది. పైన మారితే పేరు మారిపోద్ది, జాతి మారిపోద్ది, అంతే."

"ఒక కడుపున పుట్టినారని రహమాన్‌ని హసన్ అంటానేటి, నాయినా?" అంది జమాలున్నీసా.

అప్పలసూరి తెచ్చిన కుర్చీలో ఆ రోజు ఆవిడ కూర్చుంది. కాసేపటికి అడిగింది.

"ఆడిది ఇప్పుడెక్కడుంది?"

"పాతవన్నీ తీసేస్తన్నారమ్మా. కొత్తవి వొచ్చినాయి, వజ్ర అని. మాది ఆ కాలవలోంచి లాగినాక మళ్ళీ తోలడానికి పనికిరాలేదు. తుక్కు సేసేసుంటారు."

"కాలవేటి?"

సాయిశంకర్ తలొంచుకున్నాడు. పెట్టెతో వచ్చిన ఆఫీసరు బండి బోల్తా పడిందని మాత్రమే చెప్పాడు. దెబ్బ తగిలి పోయాడనే ఇంట్లో అందరూ అనుకున్నారు.

"సెప్పు" అంది ఆవిడ. "ఇక్కడిదాకా వొచ్చినావు, సెప్పీ."

"కాలవగట్టు మీద ఎల్తన్నామమ్మా. గట్టు కుంగిపోయింది. బండి ఒక పక్కకి ఒరిగిపోతంది. మేం తెరిసిన సోట ఉన్నాం కదా, దూకేసినాం. ఆడు ముందు, మూత కింద. 'కూదో, కూదో' అని అరిచినాడు. దూకండని. మమ్మల్నే అన్నాడు. ఆడు రాలేకపోనాడు." మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఈ ట్యాంకులో ఉంటే నానూ బయటికి రాకపోదును. అలాటి బండి కాబట్టి బతికినాను."

"నీళ్ళు సల్లగా ఉన్నాయేటి?"

"సలికాలం కదమ్మా."

ఆవిడ తల ఊపింది. ఆటో ఎక్కేటప్పుడు రహమాన్ వైపు చూసి, "నీకు తెలుసు కదేటి?" అంది. అతను అవునన్నట్టు నేల చూశాడు. ఆవిడ కోప్పడలేదు. ఇంటిదాకా అతని చెయ్యి పట్టుకునే కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే, "రంగులు తీసుకో, బోర్డు మార్చాల" అంది.

రహమాన్ ఒప్పుకోలేదు. తల్లికి ఎదురుచెప్పడం అతనికి అలవాటు లేదు, అయినా ఆ రోజు చెప్పాడు. "ఉండనియ్ అమ్మీ. ఎవరికి తెలుస్తాది? ఎవరు సదువుతారు? ఈ ఊరు మొత్తమ్మీద మన హసన్ తోలిన బండి పేరు అక్కడొక్కసోటే ఉంది. అది నా సేత్తో రాసుకున్నాను. మళ్ళీ నా సేత్తోనే తుడిసెయ్యమంటావా?"

"ఆ ట్యాంకులో కూసున్న కొడుకు ఎవరికో ఉండుంటాడు కదరా" అందావిడ. "ఆ తల్లి ఎప్పుడైనా వొస్తే? మన ఫ్లెక్సీ సూసి నాను ఏడ్చినట్టు, అదీ ఏడవాలేటి?"

రహమాన్ డబ్బా, బ్రష్షులు సంచిలో వేసుకున్నాడు.

బస్సులోనే వెళ్ళారు. అతను ముందు పాత అక్షరాల మీద తెల్ల రంగు పూశాడు. మొదట చివరి వాక్యం పోయింది. తర్వాత ఫిరంగి పోయింది. కేటపుల్ట్ దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగింది. జమాలున్నీసా పక్కనే డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. "కానియ్" అంది. నోరు తిరిగేదాకా ఆవిడ నేర్చుకున్న ఆ నాలుగక్షరాలు ఒక్కొక్కటే తెల్లబడిపోయాయి. ఆవిడ చూపు తిప్పలేదు. రంగు ఆరాక రహమాన్ "విజయంత - ట్యాంకు" అని రాశాడు. అక్షరాలు ఎప్పటంత బాగా రాలేదని నాతో అన్నాడు.

ఆ తర్వాత ఆవిడ ఆ పార్కుకి వెళ్ళలేదు. శుక్రవారాలు కూడా మిషను మీదే ఉండేది. అన్నం తగ్గిపోయింది. తెల్లగుడ్డ కుట్టే రోజున కూడా కిటికీలు మూసేది కాదు, ఎర్రదుమ్ము వచ్చి పడుతున్నా చూడనట్టే ఉండేది. ఒకసారి నా జాకెట్టు చేతులు పొట్టివైపోయాయి. నేను చెప్పలేదు. ఆవిడే కనిపెట్టి, "సూపు ఆనట్లేదమ్మా" అంది. అది కళ్ళ జబ్బేనని, షుగరు వల్ల వచ్చిందని తర్వాత తెలిసింది. మందులు వాడమంటే వాడింది గాని ఆ చూపు తిరిగి రాలేదు.

సాయిశంకర్ మాత్రం మానలేదు. పద్మనాభంలో కోతలప్పుడు కొత్తబియ్యం, కూరగాయలు బైకు మీద వేసుకుని వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఆవిడ హసన్ గురించి ఒక కొత్త విషయం చెప్పించుకునేది. ఒకరోజు అతను, "మా ఫిరంగికి మేమొక ముద్దు పేరు పెట్టినామమ్మా. దాని అసలు పేరు ఆఫీసర్లకి. మాకు మాత్రం బుఢియా" అన్నాడు.

"బుఢియానా? ముసలిదా?"

"మా అందరికన్నా వయసులో పెద్దది కదా. ఎక్కేటప్పుడు మూలుగుతాది, దిగేటప్పుడు మూలుగుతాది. పొద్దున్నే లేవదు. హసన్ దాని మీద సెయ్యేసి 'ఉఠో బుఢియా, ఉఠో' అని బతిమాలీవోడు. ఆడు బతిమాలితేనే లేసీది."

జమాలున్నీసా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపయిందో మాకెవరికీ తెలియలేదు. నర్గీస్ వచ్చి ఆవిడని ఒళ్ళోకి తీసుకుంది.

ఆ మరుసటిసారి సాయిశంకర్ ఒక ఫొటో తెచ్చాడు. రెజిమెంటులో ఇంకా ఉన్న స్నేహితుడొకడు, ఆ బళ్ళు తీసేశారు కదా అని ధైర్యం చేసి ఫోనుకి పంపించాడట. ఇసుకలో బుఢియా. దాని ముందు వరసగా జవాన్లు, నవ్వుతూ. సాయిశంకర్ కూడా ఉన్నాడు. జమాలున్నీసా ఫోనుని ముక్కు దగ్గరిదాకా తెచ్చుకుని వెతికింది.

"మావోడేడీ?"

"ఫొటో తీసింది ఆడే అమ్మా."

సాయిశంకర్ వేలితో ఫొటోని పెద్దది చేసి, కింద అంచు చూపించాడు. సూర్యుడు ఫొటో తీస్తున్నవాడి వెనక ఉన్నాడు. ఇసుక మీద, జవాన్ల బూట్ల వరకూ సాగి, మోచేతులు రెండూ పైకెత్తిన మనిషి నీడ పడి ఉంది.

"ఇదే హసన్" అన్నాడు.

ఆవిడ చాలాసేపు ఆ నీడని చూసింది. మోచేతులు చూసి, "సన్నబడిపోయినాడు" అంది.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఇప్పుడావిడకి పగలూ రాత్రీ తేడా తప్ప పెద్దగా తెలియదు. మిషను నర్గీస్ తొక్కుతోంది. ఈవిడ పక్కన కూర్చుని, గుడ్డ తడిమి చూసి ఏది ఎంత వదులు పెట్టాలో చెబుతుంది. సాయిశంకర్ వస్తే ఫోను తీయించి, తన చేతిలో పెట్టించుకుంటుంది. అతను పక్కన కూర్చుని ఎడమనుంచి మొదలుపెట్టి చెబుతాడు. ఇక్కడ పంజాబువాడు, ఇక్కడ నేను, మా వెనక బుఢియా, గొట్టం ఇటు తిరిగి ఉంది. ఆవిడ వేలిని గాజు మీద మెల్లగా జరుపుతూ వింటుంది.

పోయిన నెల నేను వెళ్ళేసరికి అదే జరుగుతోంది. ఆవిడ వేలు ఫొటో అడుగుకి వచ్చి ఆగింది.

"ఇక్కడే కదేటి?"

"కొంచెం ఇటమ్మా" అని సాయిశంకర్ ఆ వేలు పట్టుకుని జరిపాడు. "ఆఁ. ఇక్కడ."

ఫోను పట్టుకున్న ఆవిడ బొటనవేలు పక్క బటను మీద పడి తెర ఆరిపోయింది. ఆవిడకి తెలియలేదు. అతను చెప్పలేదు.